సబ్బు పెట్టిన చిల్లు

ఆ ఆదివారం మధ్యాహ్నం మూడింటికి సీతాఫల్‌మండిలో మెకానిక్ చారి అన్న షెడ్డు ముందు నా సెకండ్‌హ్యాండ్ పికప్ ఆపాను. జూన్ మొదటి వానలు. మబ్బు పట్టి, మూడింటికే సాయంత్రమైనట్టు ఉంది. పొద్దున మోండా మార్కెట్ నుంచి హోటళ్లకు టమాటా వేసి వచ్చాను కాబట్టి బండి వెనక నలిగిన టమాటాలు, తడి గోనెసంచులు ఇంకా కంపు కొడుతున్నాయి. ఆ కంపు నాకు అలవాటే. మా ఆయన పోయాక స్టీరింగ్ పట్టుకుని నాలుగేళ్లయింది. అలవాటు కానిది ఇంకొకటి ఉంది. ఎనిమిది రోజులుగా బండి కింద కారుతున్న డీజిల్ వాసన.

నాకు ఇద్దరు ఆడపిల్లలు. హదస్సాకు పదేళ్లు, షెకీనాకు ఏడు. కనిగిరిలో మా అమ్మ దగ్గర ఉంటారు. ఈ నాలుగేళ్లూ వాళ్లను నేను ఫోన్లోనే పెంచాను. "నీళ్లు కాచి చల్లార్చారా? ఇద్దరికీ దువ్వెనలు వేరేనా? గోళ్లు చూపించండి" అని రోజూ రెండు పూటలా అడిగేదాన్ని. మా అమ్మ విసుక్కునేది. "ఆ కెమెరాలోంచి వాళ్ల చెవులు కూడా కడుగుదువుగాని రా" అనేది. అయినా నేను మానలేదు. షెకీనాకు ముందు పన్ను ఊడిందని చెప్పిన రోజు కూడా నేనే పట్టుబట్టాను.

"మేడ మీదికి విసరొద్దు. డబ్బీలో దాచిపెట్టు. నేను వచ్చి నా చేత్తో విసురుతా."

హదస్సా పన్ను ఊడినప్పుడు నేను లేను. దీనిదైనా చూడాలనుకున్నాను.

ఇప్పుడు ఇక్కడ బడిలో ఇద్దరికీ సీట్లు దొరికాయి. తెల్లవారితే బయలుదేరి వెళ్లి, మంచాలు, ట్రంకుపెట్టె వెనక వేసుకుని, పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని తెచ్చుకోవాలి. కారుతున్న ట్యాంకు పక్కన నా పిల్లలను ఎలా కూర్చోబెడతాను? అందుకే ఆదివారమైనా షెడ్డు తెరిపించాను.

చారి అన్న అసలు పేరు బ్రహ్మచారి. మనవళ్లున్న మనిషి. ఆ పేరు మీద వాడకట్టులో అందరూ పరాచికాలాడతారు. బండి కింద అట్టముక్క పరుచుకుని దూరాడు.

"సబ్బు రుద్దమన్న గద అక్కా ఫోన్ల. రుద్దినవా?"

"మూడుసార్లు రుద్దానన్నా. రుద్దిన ప్రతిసారీ తెల్లారేసరికి ఉండట్లేదు."

ట్యాంకు చెమర్చినప్పుడు బట్టల సబ్బు గట్టిగా రుద్ది చిల్లు మూయడం ఇక్కడ డ్రైవర్లందరికీ తెలిసిన పని. డీజిల్‌కు సబ్బు కరగదు. రెండు మూడు రోజులు ఆగుతుంది. నాది ఒక్క రాత్రి కూడా ఆగలేదు. నిన్న కోపం వచ్చి అర అంగుళం మందాన మెత్తి వదిలాను. అందులో సగం ఇంకా అక్కడే ఉంది.

చారి అన్న దాన్ని పెచ్చులా ఊడదీసి నా చేతికిచ్చాడు.

సబ్బు అంచున పంటిగాట్లు. చిన్నవి, వరసగా. ఎవరో కొరికినట్టు. గాట్ల చుట్టూ సబ్బు మెత్తబడి, జిగటగా, నాకి వదిలిన ఐస్‌ముక్కలా నున్నగా ఉంది. నా వేళ్లకు తీగలా సాగింది. చేయి దులిపి, పాత గుడ్డకు తుడుచుకుని, మళ్లీ సబ్బు పెట్టి కడుక్కున్నాను.

"పందికొక్కు అక్కా. సబ్బంటే పానం దానికి."

ఔననుకున్నాను. కానీ వరస మధ్యలో ఒక్క గాటు లేదు. ఒక పన్ను ఉండాల్సిన చోట సబ్బు అలాగే నిలబడి ఉంది.

"ఇంకోటి అన్నా... ఎనిమిది రోజుల నుంచి కారుతోంది. డీజిల్ ముల్లు మాత్రం దిగలేదు."

"మీటర్ ఖరాబైంటది. ఏ జాగల కారుతుందో ముందుగాల చూద్దాం."

ట్యాంకు అడుగు మొత్తం గుడ్డతో పొడిగా తుడిచాడు. షెడ్డు మూల ఉన్న డబ్బాలోంచి ముగ్గుపిండి తీసి పిడికిలితో అద్దాడు. ఇనుము తెల్లబడింది. ఎక్కడ చెమరిస్తే అక్కడ పిండి నల్లబడుతుంది. చిల్లు దాగదు. ఇద్దరం కింద పడుకుని ఫోన్ లైటు వేసి చూస్తున్నాం. పైన రేకుల మీద చినుకులు మొదలయ్యాయి. కరెంటు పోయింది.

మొదట ఒక చుక్క వచ్చింది. దాని పక్కన మరొకటి. చుక్కలు కలిసి నాలుగు పొట్టి గీతలయ్యాయి. పక్కగా ఇంకో గీత. కింద గుండ్రంగా ఒక మడుగు.

ఆ మరక నా అరచేతిలో సగం ఉంది.

"తుప్పు," అన్నాడు చారి అన్న. గొంతు తగ్గించి అన్నాడు. "లోపల్కెల్లి తిన్నది. గిట్ల... గిట్లనే తింటది."

"చేయిలా లేదూ?"

"అక్కా, నువ్ జెర లేవు. ట్యాంకు దించుదాం."

దించాలంటే ముందు డీజిల్ తీయాలి. అడుగు బోల్టు తుప్పు పట్టి కదల్లేదు. గట్టిగా తిప్పితే రేకు చిరుగుతుందన్నాడు. ఇక పైపు పెట్టి నోటితో లాగాల్సిందే. ఆయన పైపు పెదాల దగ్గరకు తీసుకున్నాడు. ఆ పెదాలు గుట్కాతో ఎర్రగా, పగిలి ఉన్నాయి.

"వద్దన్నా. మీ గుట్కా ఉమ్మి నా ట్యాంకులో వద్దు. నేనే లాగుతా."

ఆయన పకపకా నవ్వాడు. "డీజిల్‌కు సుత ఎంగిలి పడ్తదా? నీ బండి మడి కట్టుకున్నదా ఏంది?"

పైపును లోపలా బయటా రెండుసార్లు కడిగాను. ఒక కొన ట్యాంకులోకి దించి, రెండో కొన నోట్లో పెట్టుకుని పీల్చాను. డీజిల్ నోటి దాకా రాకముందే పైపు తీసి బకెట్‌లో పెట్టాలి. వందసార్లు చూసిన పనే. ఈసారి పైపు బరువుగా తోచింది. ఏదో అడ్డం పడ్డట్టు. ఇంకా గట్టిగా పీల్చాను.

ఒక్కసారిగా నోరు నిండిపోయింది.

గోరువెచ్చగా ఉంది. డీజిల్ రుచి తెలుసు నాకు. ఇది అది కాదు. చిక్కగా, పులిసిన పాలలా... తెల్లవారి నిద్ర లేచిన పిల్ల ముఖం మీదికి వంగితే తగిలే నోటి వాసనలా. ఆ వాసన నాకు తెలుసు. నాలుగేళ్ల కిందట రోజూ పీల్చిన వాసన. నాలుక మీద గట్టిగా ఏదో దొర్లింది.

పైపు కొన బకెట్‌లో పడేసి ఉమ్మేశాను. వాంతి చేసుకున్నాను. నీళ్లు పుక్కిలించి మళ్లీ వాంతి చేసుకున్నాను. చిగుళ్ల సందుల్లో జిగురు పోలేదు. వేలు పెట్టి లాగితే నల్లటి తీగ వచ్చింది. ఎంత లాగినా తెగలేదు.

నేను ఉమ్మిన చోట తెల్లగా ఒకటి మెరిసింది. చారి అన్న పుల్లతో కదిపాడు.

"రాయా అన్నా?"

ఆయన ఫోన్ లైటు దగ్గరగా పట్టి చూశాడు.

"పాలపన్ను."

వాన పెరిగింది. రేకుల చప్పుడుకు ఏమీ వినపడటం లేదు. బకెట్‌లోకి మాత్రం డీజిల్ దానంతట అదే కారుతోంది. ఆగి ఆగి. గుటకలు వేసినట్టు.

ఆయనే తేరుకున్నాడు. "పాత ఓనర్ పోరలు ఏసింటరక్కా. మూత దొరికితే పోరలు ఏమన్న ఏస్తరు. పరేషాన్ గాకు."

ట్యాంకు దించి, మీటరు బిళ్ల ఊడదీసి లోపలికి చూశాడు. నాకూ చూపించాడు. గోడలకు నల్లటి పాచి. డీజిల్‌లో నీళ్లు చేరితే పాచి పడుతుందట. పడనీ. పాచి మెత్తగా, ముడతలుగా ఉండటం, వేలు తగిలితే లోపలికి ముడుచుకోవడం మాత్రం నేనెప్పుడూ చూడలేదు. చిగుళ్ల రంగు ఎరుపు కూడా కనిపించింది. కళ్లు తిప్పుకున్నాను.

సోడా కలిపిన మరిగే నీళ్లతో మూడుసార్లు కడిగాడు. డీజిల్ ఆవిరికి మంట అంటుకోకుండా ట్యాంకు మెడ దాకా నీళ్లు నింపి, అడుగు పైకి వచ్చేలా తిప్పి, ఇత్తడి కడ్డీ కరిగించి ఆ వేళ్ల గీతల మీద రేకు అతికాడు. ఇనుము కాలుతుంటే గోళ్లు కాలిన కంపు వచ్చింది. ఇద్దరం విన్నాం. ట్యాంకు లోపల నీళ్లు ఒకసారి గుడగుడమన్నాయి. పిల్ల పుక్కిలించినట్టు.

"నీళ్లు కాగినయ్," అన్నాడాయన. నేను అడగనే లేదు.

గాలి పట్టి, నురగ పూసి చూశాడు. ఒక్క బుడగ రాలేదు. చిల్లు మూసుకుంది.

అప్పటిదాకా ఆ పన్నును నా రుమాల్లో చుట్టి పట్టుకునే ఉన్నాను. పారేయడానికి మనసొప్పలేదు. ఎవరి బిడ్డదో. కడిగాను. తెల్లగా, ఒక మూల చిన్న పెచ్చు పోయి ఉంది.

"దాన్ని ఉంచుకోకక్కా," అన్నాడు చారి అన్న. నా వైపు చూడకుండా అన్నాడు. "పొల్లగాండ్ల పన్ను ఊడితే ఏం చేస్తం? మీదికి ఇసురుతం. కొత్తది రావాలె అంటం. ఇసిరెయ్. ఎవల బిడ్డకైతేంది, మంచిదే గద."

మంచిదే అనుకున్నాను. బయటికి వచ్చి, వానలో నిలబడి, షెడ్డు రేకుల మీదికి విసిరాను. అలవాటు కొద్దీ నోట్లోంచి మాట వచ్చింది.

"కొత్త పన్ను రావాలి."

టక్... టక్... టక్... రేకు మీద దొర్లిన చప్పుడు వినిపించింది. చూరు కిందే నిలబడ్డాను. వాననీళ్లు పడుతున్నాయి. పన్ను కింద పడలేదు.

ట్యాంకు బిగించి, పాత డీజిల్ పారబోసి, కొత్తది పోశాం. బండి కింద వార్తాపత్రిక పరిచాం. పది నిమిషాలు చూశాం. ఇరవై నిమిషాలు. కాగితం పొడిగా ఉంది. వాసన కూడా పోయింది. కరెంటు వచ్చింది. చారి అన్న చాయ్ తెప్పించాడు. రెండు గుక్కలు తాగగలిగాను. తెల్లారి పిల్లలను ఈ సీట్లోనే కూర్చోబెడతాను అని తలుచుకుంటే ఎనిమిది రోజుల తర్వాత మొదటిసారి ఊపిరి ఆడింది.

అప్పుడే అమ్మ నంబరు నుంచి వీడియో కాల్ వచ్చింది.

హదస్సా. ముఖం తెరకు మరీ దగ్గరగా పెట్టి గుసగుసలాడుతోంది.

"అమ్మా... చెల్లి పన్ను దాచిన డబ్బీ ఖాళీగా ఉంది. నేను తీయలేదమ్మా. ఒట్టు."

"ఎప్పటి నుంచి?"

"తెలీదు. చెల్లి నీకు చెప్పొద్దంది. ఎనిమిది రోజుల నుంచి సరిగ్గా అన్నం తినట్లేదు. నోరంతా సబ్బు సబ్బుగా ఉందంటోంది."

చాయ్ గ్లాసు కింద పెట్టేశాను. "ఆ పన్ను... ఎలా ఉండేదే? మూల పెచ్చు పోయి ఉండేదా?"

హదస్సా తలూపింది.

వెనక నుంచి షెకీనా గొంతు. సంబరంగా ఉంది. "ఇటివ్వక్కా, నేను చూపిస్తా అమ్మకి! అమ్మా, కొత్త పన్ను వచ్చేసిందే! ఇప్పుడే! వాన పడుతుంటే వచ్చేసింది!"

అక్క చేతిలోంచి ఫోన్ లాక్కుంది. నా బిడ్డ నోరు తెర నిండా తెరుచుకుంది.

రెండు తెల్లటి పళ్ల మధ్య, నిన్నటి దాకా ఖాళీగా ఉన్న చోట, పూర్తిగా పెరిగిన పన్ను ఉంది. ఇత్తడి రంగులో. దాని చుట్టూ చిగుళ్లు నల్లగా, ముడతలుగా...

"ఎవరే అది, ఇంట్లో కిరసనాయిలు ఒలకబోసింది?" అంటోంది మా అమ్మ ఎక్కడినుంచో. "ఏం కంపు ఇది?"

నేను బండి కిందికి వంగి చూశాను. కాగితం పొడిగానే ఉంది. ఒక్క చుక్క లేదు.

మళ్లీ తెర వైపు చూశాను. షెకీనా నవ్వుతోంది. పెదవి మూల నుంచి నల్లటి చుక్క ఒకటి జారి, గడ్డం దగ్గర ఆగి, కింద పడింది. దాని వెనక ఇంకొకటి.

"పక్కవి కూడా కదులుతున్నాయమ్మా," అంది నా బిడ్డ. "వాటిని కూడా విసురుతావుగా?"