రెండుచోట్లా ఒకేసారి

భీమవరం దాటాక రొయ్యల చెరువుల మధ్య, గట్టు మీద ఒక రేకుల గది. పక్కనే ఒక పెద్ద డిష్. 2003 వేసవంతా వర్షిణి కాపురం అక్కడే. ఉండుండి పేలే ఒక నక్షత్రం రేడియో చప్పుడు ఆమె ఇక్కడ వినాలి. అదే క్షణంలో దాన్నుంచి ఉపగ్రహానికి చిక్కే ఎక్స్-రేలను బెంగళూరులో ఆమె రీసెర్చి గైడు శశిభూషణ్ గారు చూడాలి. రెండుచోట్లా ఒకేసారి దొరికితేనే లెక్క. ఇన్ని నెలల్లో ఒక్కటీ కలవలేదు. ఈ మధ్యాహ్నం కూడా కలవకపోతే డిష్ విప్పేస్తామని, దాన్ని పెట్టించిన కాలేజీవాళ్ళు తేల్చేశారు. అది పోతే ఆమెకింక ఏమీ మిగలదు. రోజు మొత్తం మీద పలకరించేది ఫోనులో ఆయన గొంతొక్కటే. ఆ ఒంటరితనంలో అన్నం కూడా సయించేది కాదు.

చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరేటర్లు తిరుగుతుంటే రేడియోలో అంతా గోలే. అందుకే కాపలా ఉండే అబ్బులును బతిమాలి ఆపించింది.

“తొరగా కానియ్యండి మేడమ్ గారూ. గాలాడకపోతే రొయ్యలు తేలిపోతాయండి,” అని గొణుక్కుంటూ అతను దూరంగా తన పాకకి వెళ్ళిపోయాడు.

మోటార్లు ఆగాయి. అంత ఎండలోనూ గట్టంతా చల్లబడినట్టయింది. కుళ్ళిన మేత వాసన ముక్కుకి తగిలింది. స్పీకర్లో సన్నటి హోరు.

టక్.

టక్... టక్.

ఫోన్లో శశిభూషణ్ గారు ఎగిరి గంతేసినంత పనిచేశారు. “కలిసింది వర్షిణీ! ఇక్కడా అదే క్షణం!”

ఆమెకు సంతోషంతో ఏడుపొచ్చేసింది. కానీ చాదస్తం ఊరుకోనివ్వదు కదా! సరిచూసుకుందామని గదిలోంచే చక్రం తిప్పి డిష్‌ని నక్షత్రం మీంచి పక్కకి మళ్ళించింది. ఆకాశంలోదైతే చప్పుడు ఆగిపోవాలి.

ఆగలేదు.

చెరువు వైపు వంచింది. టక్... టక్. ఇంకా పెద్దగా. ఎటు పెరిగితే అటే తిప్పుతూ పోయింది. ఫోన్లో ఆయన “కలుస్తోంది... కలుస్తోంది” అంటూనే ఉన్నారు. చివరికి డిష్ మూతి ఆమె కూర్చున్న గది వైపే తిరిగింది.

ఆ చప్పుడుకి రేకులు అదిరాయి.

స్పీకర్ తీగ పీకేసింది. ఒక్కసారిగా నిశ్శబ్దం...

“సార్...” గుసగుసలాడింది. “ఇది ఆకాశంలోది కాదండి.”



“ముందా స్పీకర్ ఆపమ్మా,” అన్నారాయన మెల్లగా. “నీ మాటకన్నా దగ్గరగా వినబడుతోంది.”

తీగ ఆమె చేతిలోనే ఉంది. గదిలో ఏ చప్పుడూ లేదు.