పెద్దగింజ చిక్కుళ్ళు

వేసవి వచ్చిందంటే చాలు, పొలాల నుంచి కూరగాయల బండి ఏడింటికల్లా వీధి మలుపులో ఆగుతుంది. ఆ రోజు అమ్మమ్మ అందరికంటే ముందే వెళ్ళి రెండు సంచుల నిండా తెచ్చుకుంది. ఒకదాంట్లో పచ్చిబఠాణీలు, రెండోదాంట్లో పెద్దగింజ చిక్కుళ్ళు. బొటనవేలితో నొక్కితే కాయ టప్పున విచ్చుకుంటుంది, దూదిలాంటి పొరలో గింజలు కనిపిస్తాయి. ముప్ఫై ఏళ్ళు బడి క్యాంటీన్‌లో వండిన చేతులవి. చిక్కుళ్ళన్నీ, బఠాణీలు కొన్ని ఒలిచి, వేరువేరు గిన్నెల్లో ఉడకబెట్టేసరికి గంట కూడా పట్టలేదు.

చిక్కుడు గింజల మీద కాస్త ఉప్పు, వెన్న వేసి, అయిదేళ్ళ మనవడు పండు ముందు పెట్టింది.

"ఊదుకుని తినరా నాన్నా, నాలుక కాలుతుంది."

ల్యాబుకి తయారై వచ్చిన కూతురు ఆ పళ్ళెం చూసి, చేతిలో సంచీ అక్కడే వదిలేసి పరుగెత్తుకొచ్చింది.

"తిన్నావా? నోరు తెరువు! ఒక్కటైనా మింగావా?"

"లేదమ్మా, ఊదుతున్నా!" అన్నాడు పండు, ఏడుపు మొహంతో.

కూతురు పళ్ళెం తీసుకెళ్ళి చెత్తబుట్టలో బోర్లించింది. పొయ్యి మీదున్న చిక్కుళ్ళ గిన్నె కూడా దించి అందులోనే ఒంపేసింది. అమ్మమ్మకి మొహాన కొట్టినట్టయింది.

"ఏమే, మతి పోయిందా నీకు? మొన్న తెస్తే దాచేశావు. నిన్న ‘వాడికి పడవు’ అన్నావు. నీకు పడ్డాయి, నాకు పడ్డాయి, వాడికెందుకు పడవు? మూడువందలమంది పిల్లలు నా చేతి వంట తిని పెరిగారు. నీ కొడుక్కి మాత్రం అది విషమైందా?"

"అమ్మా, నీకు దణ్ణం పెడతాను. కారణం అడక్కు."

"అడుగుతాను. చెప్పకపోతే ఇప్పుడే బట్టలు సర్దుకుని నా ఇంటికి నేను పోతాను."

అన్నట్టే గదిలోకి వెళ్ళి మంచం మీద పెట్టె తెరిచింది. రెండు చీరలు మడిచి పడేసింది. మూడోది తీస్తుంటే కూతురు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చేతిలో నాలుగు మడతల కాగితం ఉంది.

"పోయిన నెల జ్వరం వచ్చినప్పుడు వాడికి రక్తపరీక్ష చేశారు. వాడి రక్తంలో ఉండాల్సిన పదార్థం ఒకటి తక్కువట. మామూలు చిక్కుళ్ళు, బఠాణీలు ఏమీ చెయ్యవు. ఈ ఒక్క రకం తింటేనే రక్తకణాలు పగిలిపోతాయి."

"పగిలితే?"

కూతురు తల దించుకుంది. "ఒళ్ళు పచ్చబడుతుంది. మూత్రం ముదురు రంగులో వస్తుంది."

"డికాషన్ రంగులో," అంది అమ్మమ్మ.

చేతిలో చీర జారిపోయింది. మంచం పట్టె పట్టుకుని మెల్లగా కూర్చుంది. మూడేళ్ళ తన మొదటి బిడ్డ. ఇలాంటి వేసవే. రెండు రోజుల్లో కళ్ళు పసుపైపోయాయి, మూడో రోజుకి లేడు. కామెర్లన్నారు. ఎండలో ఆడించావంటూ అత్తగారు చచ్చేదాకా దెప్పింది. నలభై ఏళ్ళుగా అమ్మమ్మ ఆ ఎండనే తిట్టుకుంటూ వచ్చింది.

"వాడికీ నేనే పెట్టానే ఈ గింజలు," అంది. "ఇంకా కావాలన్నాడు. మళ్ళీ పెట్టాను."

"అందుకేనమ్మా చెప్పలేదు. నీకు ఇది తెలియకూడదనుకున్నాను."

అమ్మమ్మ చివ్వున తలెత్తింది. "నన్ను కాపాడటానికి వాడి ప్రాణం మీదికి తెస్తావా? నువ్వు రెండు నిమిషాలు ఆలస్యమైతే ఏమయ్యేది? మళ్ళీ ఈ చేతుల్తోనే..."

"తప్పే. దాచడం నాదే తప్పు." కూతురు కింద కూర్చుని తల్లి మోకాళ్ళ మీద తల పెట్టింది. "ఇది తల్లి నుంచి కొడుక్కి వస్తుందట. వాడికి నా నుంచే వచ్చింది. మరి నన్ను తిడతావా?"

"నిన్నెందుకు తిడతానే? నీకేం తెలుసని?"

"నీకు మాత్రం ఏం తెలుసమ్మా?"

అమ్మమ్మ కూతురి జుట్టులోకి వేళ్ళు పోనిచ్చి, అన్నేళ్ళుగా ఎవరి ముందూ ఏడవని ఏడుపు ఏడ్చింది. కూతురు ల్యాబుకి ఫోన్ చేసి ఆ పూటకి రానని చెప్పింది.

కాసేపటికి పండు తలుపు సందులోంచి తొంగిచూశాడు. "అమ్మమ్మా, ఆకలి."

అమ్మమ్మ మొహం తుడుచుకుని లేచింది. గరిటె అటూ ఇటూ పెట్టానేమోనన్న అనుమానంతో బఠాణీల గిన్నె కూడా పారబోసింది. సంచీలో మిగిలిన బఠాణీ కాయలు నేల మీద కుమ్మరించి, వాటి చుట్టూ ముగ్గురూ కూర్చున్నారు. ప్రతి కాయనీ వెలుతురుకి పెట్టి రెండుసార్లు చూసి మరీ ఒలుస్తోంది ఆవిడ.

"అమ్మా," అంది కూతురు మెల్లగా, "అన్నయ్య ఎలా ఉండేవాడు?"

ఆ ఇంట్లో ఆ మాట అంతకు ముందెప్పుడూ ఎవరూ అడగలేదు. అమ్మమ్మ చెయ్యి ఆగింది.

"బఠాణీలంటే గిట్టేది కాదు వాడికి," అంది. కళ్ళ నీళ్ళు కారుతున్నా పెదవులు నవ్వాయి. "పెడితే ఒక్కొక్కటీ ముక్కులో దూర్చుకునేవాడు. ఒకసారి ఇరుక్కుపోయి, మీ నాన్న వాణ్ణి భుజాన వేసుకుని చెప్పుల్లేకుండా డాక్టరు దగ్గరికి పరుగెత్తాడు. తీరా దారిలో వాడు తుమ్మితే..."

"తుమ్మితే?" అన్నాడు పండు, ఒలవడం మానేసి.