కర్ణరక్ష

2094 నాటికి కొత్త మచిలీపట్నంలో పిల్లల్ని బడి దగ్గర దింపిన తల్లులెవరూ వెనక్కి తిరిగి చూసుకోవడం లేదు. పాత ఊరిని సముద్రం మింగేశాక బాగా లోపలికి జరిపి కట్టుకున్న ఊరది. అక్కడ ప్రతి పిల్లకీ, పిల్లాడికీ రెండు చెవుల వెనకా శనగగింజంత బొడిపె ఉంటుంది. దాని పేరు కర్ణరక్ష. కనిపెట్టింది డాక్టర్ వకుళ.

ఆ ఆలోచన ఆమెకు గోదురుకప్ప ఇచ్చింది. ఒళ్లంతా పొక్కులతో, గట్టిగా గెంతడం కూడా చేతకాని ఆ ప్రాణికి కోరల్లేవు, గోళ్లు లేవు. ఉన్నదల్లా కళ్ల వెనక రెండు విషగ్రంథులు. కరిచిన కుక్క నోట్లోకి వాటినుంచి పాలలాంటి బ్యూఫోటాక్సిన్ అనే విషం దిగుతుంది, కుక్క గుండె లయ తప్పుతుంది. వకుళ ఆ కప్ప జన్యువుకు పదును పెట్టి పిల్లల చెవుల వెనక నాటింది. పిల్ల రక్తంలో అడ్రినలిన్, అంటే భయం, గీత దాటితే చాలు, బొడిపె మీద పాలు ఊరతాయి. పిల్లకేం కాదు. అప్పుడు దాన్ని ముట్టుకున్నవాళ్లు మాత్రం అయిదు నిమిషాల్లో నేలకూలతారు. తల దువ్వే చేతికి ఏ భయమూ లేదు.

కొడుకును బడి గేటు దగ్గరే ఎవరో ఎత్తుకుపోతే కుమిలిపోయిన తల్లి ఆమె. వాడు మళ్లీ దొరకలేదు. మిగిలింది తొమ్మిదేళ్ల కూతురు ధాత్రి. ‘దీనిమీద పడ్డ చెయ్యి మళ్లీ లేవకూడదు’ అని పళ్లు కొరుకుతూ ఆరేళ్లు కప్పల మధ్యే బతికింది.

ఆ సాయంత్రం ప్రయోగశాలలో, సమాచారం పోగుచేసే యంత్రం ‘ఆరా’ మొదటి ఏడాది నివేదిక వినిపించింది.

“చనిపోయినవారు నాలుగు వందల పన్నెండు మంది, డాక్టర్ గారూ.”

“అంతమంది పిల్లల దొంగలా! పోనీలే, పీడ విరగడైంది.”

“దొంగలు ముగ్గురేనండి. తండ్రులు నూట తొంభై. టీచర్లు నూట నలుగురు. తల్లులు...”

“ఆగాగు. గ్రంథులేమైనా పాడయ్యాయా?”

“ఒక్కటీ పాడవలేదండి. అందరికీ విషం అంటింది బొటనవేలికీ, చూపుడువేలికీ. చెవి మెలిపెట్టారు.”

వకుళ గ్రంథుల్ని కప్పకు ఉన్నట్టే తల పక్కన పెట్టింది గానీ, మన ఇళ్లలో పెద్దల చెయ్యి ముందుగా పోయేది అక్కడికేనని ఆమెకు తట్టలేదు. ఎలా తడుతుంది? తండ్రి ఆమెకు చెవి పిండీ పిండీ ఎక్కాలు నేర్పాడు. “పిండితేనే బుర్రకెక్కుతుంది” అనేవాడు. దాన్ని ఆమె పెంపకమనే అనుకుంది.

“మరి జనం ఏం చేస్తున్నారు? గ్రంథులు తీయించేస్తున్నారా?”

“లేదండి. చేతి తొడుగులు వేసుకుంటున్నారు. విషం దిగనివి. బళ్లలో టీచర్లందరికీ ఇచ్చారు, పిల్లలతో ఇళ్లకూ పంపుతున్నారు.”

“ఛీ! పిల్లల్ని హింసించడం మానుకోవచ్చుగా!”

“ఆ సలహా ఇంతవరకూ ఎవరూ అడగలేదండి.”

కంచే చేను మేస్తుంటే ఇక కాపలా ఎందుకని తిట్టుకుంటూ వకుళ ఇల్లు చేరింది. ధాత్రి లెక్కల పుస్తకం తెచ్చి చూపించింది. ఆరో లెక్క తప్పు. వకుళ నిన్నా చెప్పింది, పొద్దునా చెప్పింది. ఇన్నాళ్లూ అరచేతి మీద స్కేలుతో సరిపెట్టేది. ఇవాళ స్కేలు చేతికందలేదు.

“ఎన్నిసార్లు చెప్పాలే నీకు!”

చెయ్యి దానంతటదే లేచింది. చెవికి జానెడు దూరంలో ఆగిపోయింది. బొడిపె మీద తెల్లటి పాలు ఊరుతున్నాయి.

“అమ్మా, ముట్టుకోకు!” ధాత్రి బడిసంచీ దగ్గరికి పరుగెత్తి, ఒక జత తొడుగులు తెచ్చి తల్లి చేతుల్లో పెట్టింది. “బళ్లో ఇచ్చారు. వేసుకోమ్మా. నీకేమన్నా అయితే నాకెవరున్నారు?”

వకుళకు ఏడుపొచ్చింది. పిల్లను గుండెకు హత్తుకోవాలనిపించింది. హత్తుకుంటే తనే చస్తుంది. పాలు ఇంకా ఊరుతూనే ఉన్నాయి. కనీసం తుడుద్దామని తొడుగులు వేసుకుంది.

ధాత్రి కళ్లు గట్టిగా మూసుకుని, అలవాటైన దానిలా చెవి ముందుకు పెట్టింది. బల్లమీద పుస్తకం తెరిచే ఉంది. ఆరో లెక్క ఇంకా తప్పుగానే ఉంది.

“ఇప్పుడు చెప్పు, ఏడు ఎనిమిదులెంత?” అంటూ వకుళ ఆ చెవి పట్టుకుంది.