ఇంకో రెండు రోజులు

మంగళవారం పొద్దున ఏడింటికి నోరీన్ ఓట్స్ జావ కలుపుతూ కూనిరాగం తీస్తోంది. బయట సన్నగా వాన. మా క్లోనారాలో వాన పడని రోజునే జనం ఆకాశం వంక అనుమానంగా చూస్తారు. ఆమె మొగుడు ఫింటన్ గడ్డం గీసుకుని, బూట్లు తుడుచుకుని మేడ దిగి వచ్చాడు. అతను పనిచేసిన పీట్ ఫ్యాక్టరీ, బాడవ మట్టిని పొయ్యిలోకి ఇటుకలుగా చేసేది, మూతపడి తొమ్మిది నెలలు కావస్తోంది. మిగతా రోజుల్లో గడ్డం ఎలా మాసినా మంగళవారం మాత్రం నున్నగా ఉండాల్సిందే. నిరుద్యోగ భృతి పోస్టాఫీసులో ఇచ్చేది ఆ రోజే.

"ఏమిటయ్యా, పెళ్ళికొడుకులా తయారయ్యావు? పోస్టాఫీసు బ్రైడీ నీ కోసం కళ్ళు కాయలు కాసేలా చూస్తోందా?"

"బ్రైడీకి డెబ్భై దగ్గరపడ్డాయి. నాకు నీతో వేగడమే ఎక్కువ" అన్నాడు ఫింటన్, కుర్చీ లాక్కుంటూ.

నోరీన్ నవ్వింది. "ఇవాళ కార్మెల్ ఆఫీసుకు వెళ్ళి సంతకం పెట్టేస్తాను. గురువారం, శుక్రవారం కూడా ఇక నావే."

ఫింటన్ చేతిలో చెంచా ఆగిపోయింది. "తొందరపడొద్దని చెప్పాను కదా."

"నెల రోజులుగా అదే పాట. ఎందుకో మాత్రం చెప్పవు."

"నీ నడుం కోసమే చెప్తున్నా."

"నా నడుం సంగతి నాకొదిలెయ్. ఆ రెండు రోజులూ చూసే ఐరీన్ రిటైరైపోతోంది. మిసెస్ గిల్‌హూలీకి తొంభై ఒకటి. పరాయివాళ్ళని ఒంటి మీద చెయ్యి వెయ్యనివ్వదు. నన్నయితే సరేనంది. ఆ మాట ఆవిడ నోటి నుంచి రావడం అంటే ఏమనుకున్నావు?"

ఫింటన్ కోటు తగిలించుకుని వెళ్ళిపోయాడు.

నోరీన్‌ది ముసలివాళ్ళ ఇళ్ళకు వెళ్ళి సాయం చేసే పని. లేపి కూర్చోబెట్టడం, స్నానం చేయించడం, నాలుగు మాటలు మాట్లాడటం. పిల్లలిద్దరూ పెద్దవాళ్ళై ఎవరి దారిన వాళ్ళు పోయాక, యాభై దాటిన వయసులో మొదలుపెట్టింది. వారానికి మూడు రోజులే. కానీ ఆ మూడు రోజులూ ఆమె నడకే వేరుగా ఉంటుందని వీధిలో అందరికీ తెలుసు.

ఆ పనులు పంచే కార్మెల్ ఆఫీసులోకి పది గంటలకు అడుగుపెట్టగానే ఆ అమ్మాయి ఇబ్బందిగా లేచి నిలబడింది.

"మీరు వస్తారనుకోలేదు నోరీన్. నిన్న మీవారు ఫోన్ చేశారు. మీకు ఓపిక లేదట, ఆ రెండు రోజులు వేరేవాళ్ళకి ఇవ్వమన్నారు."

"ఇచ్చేశారా?" అంది నోరీన్.

"ఇంకా లేదు. సాయంత్రంలోగా ఎవరో ఒకరి పేరు రాయాలి. మీకు కావాలంటే ఇప్పుడే..."

సంతకానికి కలం చేతిలోకి తీసుకుంది గానీ, ముందు ఫింటన్‌ని అడిగి తేల్చుకోవాలని కింద పెట్టేసింది. "మధ్యాహ్నం లోపు చెప్తాను" అని వచ్చేసింది. ఇంటికి నడిచిన ఆ మైలు దూరం వానలో తడుస్తున్న సంగతే ఆమెకు తెలియలేదు.

వంటింటి బల్ల మీద ఫింటన్ కాగితాలు పరుచుకుని కూర్చున్నాడు. వాటిలో నోరీన్ జీతం చీటీలు ఉన్నాయి. ఆమె సొరుగులోవి.

"నా పేరు మీద నువ్వు అబద్ధం చెప్పావు" అంది గుమ్మంలోనే నిలబడి. "ఇప్పుడు నా సొరుగు కూడా వెతికావు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఇంత పని ఎప్పుడూ చెయ్యలేదు నువ్వు. ఏమైంది నీకు?"

ఫింటన్ తల దించుకున్నాడు. ఒక ఉత్తరం, దాంతో వచ్చిన కొత్త భృతి దరఖాస్తు ఆమె వైపు తోశాడు.

"ఇప్పటిదాకా భృతి ఇచ్చింది నేను జీతంలోంచి కట్టిన దాని మీద. తొమ్మిది నెలలతో అది సరి. ఇక నుంచి ఇచ్చేది వేరు. ఇంట్లో ఇంకొకరు ఎంత తెస్తున్నారో చూసి ఇస్తారు. నువ్వు మూడు రోజులు చేస్తే రోజుకు ఇరవై యూరోలు పట్టించుకోరు. మిగిలిన దాంట్లో వందకి అరవై నా దాంట్లోంచి కోసేస్తారు. ఐదు రోజులు చేసినా వదిలేసేది మూడు రోజులకే."

"అంటే?"

"మూడు రోజులైతే నాకు వారానికి తొంభై దాకా వస్తుంది. ఐదు రోజులైతే సున్నా."

నోరీన్ మనసులోనే లెక్క వేసుకుంది. "అయినా ఐదు రోజులైతే ఇంట్లోకి వచ్చేది మూడు రోజుల కంటే నూరుకు పైనే ఎక్కువ కదా!"

"ఇంట్లోకి ఎక్కువే, కాదనను. నా చేతికి ఏముంది?" అన్నాడు ఫింటన్. "పదిహేడో ఏట బాడవలో దిగాను నోరీన్. ముప్పై తొమ్మిదేళ్ళు. చేతిలో సొంత డబ్బు లేని వారం ఒక్కటి ఎరగను. ఇప్పుడు నాతో పనిచేసిన టామోనీ, డెసీనీ చూసేది ఆ పోస్టాఫీసు వరుసలోనే. అక్కడ నిలబడ్డ పావుగంట మేమింకా ఒక ముఠానే. సున్నా అయితే నేను ఏ మొహం పెట్టుకుని వెళ్ళి నిలబడాలి? కాళ్ళకి బూట్లు కావాలన్నా నిన్నే అడగాలి."

నోరీన్ కుర్చీలో కూలబడింది. కోపం ఇంకా తగ్గలేదు గానీ, గొంతు మాత్రం తగ్గింది.

"పెద్దాడు పుట్టినప్పుడు నేను బేకరీలో పని చేసేదాన్ని. గుర్తుందా? నువ్వు ఇదే బల్ల దగ్గర పెన్సిలు పట్టుకుని కూర్చున్నావు. పిల్లాణ్ణి చూసే ఆవిడకింత, పన్నుకింత, బస్సుకింత. మిగిలేది ఏమీ లేదు, మానెయ్ అన్నావు. నీ లెక్క తప్పు కాదు. మానేశాను. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు నేను సున్నాయే ఫింటన్."

"నేను నిన్ను ఎప్పుడైనా లెక్క అడిగానా?"

"అడగలేదు. నువ్వు మంచివాడివి. శుక్రవారం కవరు బల్ల మీద పెట్టి, వెనక్కి తిరిగి చూసేవాడివి కాదు. అయినా నేను కొత్త కోటు కొనుక్కుంటే మెట్ల కింద దాచేదాన్ని. నెల పోయాక వేసుకుని, ఇది పాతదేలే అనేదాన్ని. తెలుసా నీకు?"

"తెలీదు" అన్నాడు ఫింటన్ మెల్లగా.

"నువ్వు ఆ బతుకు ఇంకా ఒక్క వారం కూడా బతకలేదు. అప్పుడే ఊపిరాడటం లేదా?"

ఆ మాట ఫింటన్‌కు గుండెలో తగిలింది. ఇన్నేళ్ళూ తను ఇచ్చానని అనుకున్నాడు గానీ, తీసుకునే చెయ్యి ఎలా ఉంటుందో ఒక్కసారైనా ఆలోచించలేదు. బల్ల మీద మోచేతులు ఆనించి మొహం కప్పుకున్నాడు. అంత పెద్ద మనిషి భుజాలు కదిలిపోతుంటే నోరీన్ చూడలేకపోయింది.

"పోనీలే" అంది అతని తల మీద చెయ్యి వేసి. "మూడు రోజులతోనే సరిపెట్టుకుంటాను. మిసెస్ గిల్‌హూలీకి ఇంకెవరైనా దొరుకుతారు. ఏడవకు."

ఫింటన్ చప్పున తలెత్తాడు. భార్య మొహంలోకి చూశాడు. బేకరీ మానేసిన రోజు కూడా ఆమె ఇలాగే, ఇదే మాట అని ఉంటుంది. అప్పుడతను మొహం చూడలేదు. కాగితం చూశాడు.

"వద్దు" అన్నాడు. "నువ్వా మాట రెండోసారి అనకూడదు."

లేచి వెళ్ళి ఫోన్ అందుకున్నాడు. అటు నుంచి కార్మెల్ ఎవరని అడిగింది. ఈ ఊళ్ళో ఇన్నేళ్ళూ నోరీనే ఫింటన్ పెళ్ళాం. తను ఎవరో చెప్పుకోవలసిన అవసరం అతనికెప్పుడూ రాలేదు.

"నేను నోరీన్ భర్తనండి" అన్నాడు. "నిన్న మీకు ఫోన్ చేసి అబద్ధం చెప్పాను. ఆమెకు ఓపిక లేకపోవడం కాదు, నాకే మనసు లేకపోయింది. నన్ను క్షమించాలి మీరు. ఆ రెండు రోజులూ ఆమెవే. అవును, ఇక్కడే ఉంది. మీ దగ్గరికి నేనే తీసుకొస్తాను, ఇప్పుడే."

ఫోన్ పెట్టేసి వచ్చి, ఆ దరఖాస్తు ఆమె ముందుకు తిప్పి కలం చేతికిచ్చాడు. భార్యకు వారానికి ఎన్ని రోజుల పని అని అడిగిన చోట ఖాళీ ఉంది. నోరీన్ ఐదు అని రాసింది. రాస్తుంటే ఒక కన్నీటి బొట్టు పక్క గడిలో పడింది.

"మరి మంగళవారాలు?" అంది కళ్ళు ఒత్తుకుంటూ.

"టామోని, డెసీని ఇక్కడికే రమ్మంటాను. టీ నేనే పెడతా. నవ్వుకుంటే నవ్వుకోనీ."

"నీ టీ తాగాక నవ్వే ఓపిక ఎవరికుంటుంది?"

ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే నోరీన్ మళ్ళీ ఏడ్చింది, ఈసారి అతని చొక్కా మీద. ఫింటన్ ఆమె తడిసిన కోటు విప్పి పొయ్యి దగ్గర ఆరేశాడు. తన కోటు తెచ్చి ఆమె భుజాల మీద కప్పాడు.

"గురువారం ఎన్నింటికి లేపమంటావు నిన్ను?"

"ఆరింటికి" అంది నోరీన్.