పైరగాలికి ఎత్తిన చేతులు

కొత్త పైసలు వచ్చిన ఏడాది మా ఊళ్లో పండిన మిరపకాయ ఘాటుకి చేలో దిష్టిబొమ్మ తుమ్మింది. నమ్మకపోతే మీ ఇష్టం!

ఆ ఏడే మా రీడింగ్ క్లబ్బు మూతబడబోయింది. సెక్రటరీ సుభానీ రోజూ సాయంత్రం అక్కడ పేపరూ, వారపత్రికలో సీరియలూ పైకి చదివేవాడు. గోడ అవతల బుడే సాహెబు పెరడు. ఆయన కూతురు ఖుర్షిదా మిరపకాయల ముచ్చికలు తుంచుతూ వినేది. కథలో విలన్ రాగానే ఆమె గాజులు ఆగేవి, హీరోయిన్ నవ్వితే గలగలమనేవి. ఆ చప్పుడు కోసం సుభానీ ప్రకటనలు కూడా వదలకుండా చదివేవాడు.

ఒక సాయంత్రం సుభానీ మీటింగు పెట్టాడు.

"అద్దె బాకీపడ్డాం. పేపరు ఆపేస్తామంటున్నారు. నెల చందా పావలా కాస్తా అర్ధరూపాయి చెయ్యకపోతే ఒకటో తారీఖున తాళమే."

"అర్ధరూపాయే!" గయ్యిమన్నాడు బుడే. "వింటానికే అంతైతే, చదివేవాళ్లకెంత?"

"నువ్వు బెంచీ మీద గురక కూడా పెడతావుగా మావా. రెండిటికీ కలిపి చవకే!"

అందరూ నవ్వారు. కానీ ప్రెసిడెంటు యలమందయ్య "ఒప్పుకున్నవాళ్లు చెయ్యెత్తండి" అంటే ఒక్క చెయ్యీ లేవలేదు. సుభానీ గోడకేసి చూశాడు. గాజులూ మూగబోయాయి.

అంతలో అవతల రోకలి పోటు మొదలైంది. అప్పటికే పైరగాలి లేచి ఉంది. ఎండుమిరపకాయల ఘాటు గోడ దూకి మీటింగు మీద పడింది. ఒకడు తుమ్మాడు, ఆ వెనక క్లబ్బంతా తుమ్మింది.

"ఆపండమ్మోయ్!" అంటూ బుడేతో సహా అందరూ గోడకేసి చేతులెత్తి ఊపారు.

కళ్లనీళ్ల మధ్య యలమందయ్యకి చేతులే కనబడ్డాయి. "ఏకగ్రీవం!" అని బల్ల గుద్దాడు.

"అది ఒప్పుకోలు కాదండీ, ఘాటు!" అన్నాడు సుభానీ నిజాయితీగా.

జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. బుడే ముక్కు తుడుచుకుంటూ, "ఇంత నవ్వు అర్ధరూపాయికి ఎక్కడ దొరుకుద్దిరా? రాసుకో నా పేరు!" అన్నాడు. ఆయనే దిగొచ్చాక ఇంకెవరు కాదంటారు?

అందరూ వెళ్లాక సుభానీ గోడ దగ్గరికి నడిచాడు.

"పైరగాలి లేచాక ఈ ఊళ్లో ఎవరూ కారం దంచరు, ఖుర్షిదా గారూ."

"తెలుసు." గోడ మీదుగా రెండు ఎర్రటి కళ్లు కనిపించాయి. అందరికంటే ఎక్కువ ఘాటు తిన్నవి అవే. అయినా నవ్వుతున్నాయి. అంత అందం సుభానీ ఏ సీరియల్లోనూ చదవలేదు.

"మరెందుకు దంచారు?"

"చేతులు లేవాలిగా! క్లబ్బు మూసేస్తే సీరియల్ సగంలో ఆగిపోదూ?"

"సీరియల్ కోసమేనా?"

"ఎరువుల ప్రకటన కూడా కూర్చుని విన్నాను. ఎందుకనుకున్నారు?"

సుభానీ గోడకి ఇంకాస్త దగ్గరగా జరిగాడు. వెనక నుంచి ఓ గొంతు వచ్చింది: "ఏరా, మీటింగింకా అవలేదా?"

చెప్పులు మర్చిపోయి తిరిగొచ్చిన బుడే!

సుభానీ ఆయన వైపు తిరిగాడు. "ఇంకొక్క సంగతి మిగిలింది మావా. దీనికి నీ ఒక్కడి ఒప్పుకోలు చాలు."

బుడే కూతురి కళ్లకేసి చూశాడు. ఆమె తల దించుకుంది గానీ గోడ దగ్గర్నుంచి కదల్లేదు.

ఆయన మెల్లిగా చెయ్యెత్తాడు.

"ఈసారి ఘాటుకి కాదురా," అన్నాడు.