వేడెక్కితే నిలిచిపోయే బండి

సాత్తూరు దాటి విరుదునగరం పోయే రోడ్డులో, ఎడమ పక్కన, పైకప్పు లేని షెడ్డొకటి ఉండాది. ఒకప్పుడు అగ్గిపెట్టెల కంపెనీ. మందు అంటుకొని ఒక్క పూటలో బూడిదైపోయింది. లోపల చిక్కుకొని కాలిపోయినోళ్ళంతా మనోళ్ళే, ఈ తమిళ సీమలో ఉంటా ఇండ్లల్లో మన తెలుగు మాట్లాడుకునేవోళ్ళే. పొద్దుగూకినాక ఒంటిగా పోయే మనిషిని వాళ్ళు దాహం అడుగుతారంట... అదీ తెలుగులో! తమిళంలో అడిగితే ఎవురో దారినపోయేవోళ్ళు అనుకోవచ్చు. నడిరోడ్డులో తెలుగు వినబడిందంటే — వాళ్ళే.

అందుకే మన ఇండ్లల్లో పిల్లలకి ముందే చెప్పిపెట్టినారు. ఆడ ఎవురు పిలిచినా తెలుగులో పలకగూడదు. తెలుగు రాదని తమిళంలో చెప్పేసి, వెనక్కి తిరిగి చూడకుండా పోవాల. పలికితివా, ఇంటి గడప దాకా వెంట వస్తారు.

నవ్వుతుండారా? నవ్వండి, నవ్వండి. కుమరేశన్ కూడా నవ్వినోడే. వానికి ఏమైందో నేను విన్నది విన్నట్టు చెప్తా.

కుమరేశన్‌ది కోవిల్‌పట్టి. ఆ ఊర్లోనే ఇంకో కంపెనీలో లారీలకి లోడెత్తే పని. రెండువేల నాలుగో సంవత్సరమో, అయిదో... వానికి ఒక బండి పిచ్చి పట్టింది. లారీ బ్రోకరు మారిసెల్వం ఇంటి ముందర నిలబెట్టిన పాత క్రూయిజర్ మోటారుసైకిలు అది. పొడుగ్గా, నేలకి ఆనుకున్నట్టు ఉంటాది. ఎనుబోతు వీపంత ట్యాంకు. కాళ్ళు ముందరికి చాపుకొని దొర మాదిరి కూర్చోవచ్చు. స్టార్టు చేస్తే వీధి చివరింటి గిన్నెలు కూడా అదిరేవి. పనికి పోతా వస్తా ఆడ నిలబడి దాన్ని చూడకపోతే వానికి అన్నం దిగేది కాదు.

మారిసెల్వం మోసగాడు కాదు పాపం. ఉన్నది ఉన్నట్టు చెప్పినాడు. "ఇంజను బాగా వేడెక్కితే కాయిల్ పని చెయ్యదు, బండి నిలిచిపోతాది. చల్లారేదాకా పక్కన కూర్చోవాల. మళ్ళీ అదే పలుకుతాది. తెలిసి కొనుక్కో తమ్ముడూ, రేపు నన్ను తిట్టొద్దు."

అయినా కొనేసినాడు వాడు. నాయన అప్పాసామి తల కొట్టుకున్నాడు. "నడి చేలో పడుకునే ఎద్దని తెలిసి తెలిసీ ఎవుడన్నా ఇంటికి తోలుకొస్తాడంట్రా?"

"కాయిల్ మార్పిస్తా నాయనా. వచ్చే నెల."

ఆ వచ్చే నెల వస్తానే ఉండింది, కాయిల్ మాత్రం మారలేదు. ఇంతలో నాయన పడిపోయినాడు. విరుదునగరం ఆస్పత్రిలో చేర్చినారు. అక్క రాజమ్మాళ్ ఆ ఊర్లోనే కాపురం, తనే దగ్గరుండి చూసుకుంటా ఉండింది.

ఒకనాడు దీపాలు పెట్టే వేళకి పక్కంగడికి అక్క ఫోను చేసింది. "ఒరేయ్, నాయనకి ఎగూపిరి పట్టింది. నేను పాలు పోస్తే మింగడంలేదు. నీ చేతి పాల కోసరం ప్రాణం పట్టుకొని ఉండాడురా. వచ్చెయ్!"

పోయే ప్రాణానికి కొడుకు తన చేత్తో నోట్లో పాలు పోయాల. ఆ చుక్క పడకపోతే గొంతు తడవకుండానే పోతాది మనిషి. కొడుకుండీ అట్ట పోవడమా! కుమరేశన్ పెండ్లాం సెల్వలక్ష్మి పాలు కాచి, చల్లార్చి, సీసాలో పోసిచ్చింది. వాడు దాన్ని చొక్కా లోపల, కడుపుకి ఆనించి దోపుకున్నాడు.

"బస్సులో పో," అనింది ఆమె. "ఆ బండి నడిమిట్లో నిలుస్తాది గదా."

"బస్సయితే సాత్తూరు స్టాండులోనే నిలబడిపోతాది. నేను ఆపకుండా తోలుకొని పోతా."

ఆపకుండానే తోలినాడు. తొందర తొందర... ఎంత గట్టిగా తోలితే అంత వేడి. అది వానికి తెలీదా? తెలుసు. అయినా చెయ్యి తగ్గలేదు. సాత్తూరు దాటింది. చీకటి చిక్కబడింది. ఒకసారి దగ్గింది బండి... ఇంకోసారి దగ్గింది... ఆ మీదట చప్పుడు లేదు.

తలెత్తి చూస్తే — పైకప్పు లేని గోడలు.

బటను నొక్కినాడు, పలకలేదు. ఇంజను మీద చెయ్యి పెడితే చుర్రుమనింది. నెట్టి చూసినాడు, అంత బరువు బండి ఒక్క మనిషికి కదులుతాదా? లారీ వస్తే చెయ్యెత్తినాడు. ఆ చోట ఎవుడు నిలుపుతాడు? హారను కొట్టుకుంటా ఇంకా జోరుగా పోయినారు. "చల్లారవే తల్లీ, చల్లారవే" అని ట్యాంకు మీద తల పెట్టి ఏడ్చినాడు కుమరేశన్. అక్కడ నాయన ఒక్కొక్క ఊపిరి లెక్కపెట్టుకుంటా ఉండాడు. ఇక్కడ వీడు ఇంజను చల్లారేదానికి కాచుకొని ఉండాడు.

"బిడ్డా..."

ఎవురో పిలిచినట్టయింది. గాలి, అనుకున్నాడు.

"బిడ్డా... గొంతు ఎండిపోతాంది..."

గోడ వారగా ఎవురో గొంతు కూర్చొని ఉండారు. తల మీద తువ్వాలు. మొగం కనబడలేదు. గరగరలాడే గొంతు, మనిషిదో కాదో కూడా తెలీడంలేదు. ఆ గొంతు మాట్లాడేది తెలుగు.

"ఆ సీసాలోది... ఒక్క చుక్క పొయ్యి బిడ్డా."

సీసా చొక్కా లోపల ఉండాది! బయటికి తీసిందే లేదు! కుమరేశన్ నవ్విన నవ్వంతా యాడికి పోయిందో. చిన్నప్పుడు చెప్పింది ఒక్కటే నోటికొచ్చింది.

"ఎనక్కు తెలుంగు తెరియాదు!" తెలుగు రాదని తమిళంలో అరిచేసినాడు.

ఆ ఆకారం మెల్లగా లేచి నిలబడింది.

"రాదా?" అనింది. "నీకా?"

"తెరియాదు! పోయిడు!" పొమ్మని తమిళంలోనే కసిరినాడు.

అది తువ్వాలు మొగం మీదికి ఇంకొంచెం లాక్కొని, చీకట్లోకి, విరుదునగరం దిక్కుకే నడిచిపోయింది. వాడు బటను నొక్కితే బండి ఒక్కసారికే పలికింది. వెనక్కి చూడకుండా ఎగిరిపోయినాడు కుమరేశన్. తప్పించుకున్నా స్వామీ అనుకుంటా, కడుపు దగ్గర సీసా భద్రంగా ఉండాదా అని తడుముకుంటా పోయినాడు.

ఆస్పత్రి వరండాలో అక్క గోడకి ఆనుకొని కూర్చొని ఉండింది. తమ్ముడు సీసా బయటికి తీస్తే దాని వంకే చూసింది.

"ఎందుకురా ఇంక," అనింది.

కుమరేశన్ ఆడనే కూలబడినాడు. "పాలు... నువ్వన్నా పోసినావా అక్కా?"

"పొయ్యబోయినా రా. అంతసేపు తెలివి లేకుండా పడుండినోడు ఉన్నట్టుండి కండ్లు తెరిచినాడు. నా చెయ్యి పక్కకి నెట్టేసినాడు. 'వద్దు రాజీ, పోయి అడిగొచ్చినా. వానికి తెలుగు రాదంట' అన్నాడు. అంతే, తల వాల్చేసినాడు."

రాజమ్మాళ్ కొంగుతో కండ్లు ఒత్తుకొని తమ్ముని మొగంలోకి చూసింది.

"ఎవుర్ని అన్నాడురా, నాయన?"