సర్వర్ అర్రల తెల్లచీర

ఆసిఫాబాద్ కాడి పత్తిమిల్లుల ఎనుక అర్రంటే అందరికీ హడల్. చీకటి పడితే లోపల ఎవరో మూలుగుతరని అంటరు. మిల్లుల కంప్యూటర్ పనిజేసే రంజిత్ పగటిపూట గూడ గా దిక్కు పోడు.

పోకుంటే ఎట్ల? రెండో సర్వర్ గాడనే ఉంటది మరి. ముందటాఫీసు సర్వర్ల ఏం రాసినా, ఏం తుడిచినా వైరు వెంబడి వచ్చి గిండ్ల గూడ అట్లనే అయితది. ముందట పని ఆగొద్దని రోజూ రాత్రి దీన్నుంచే బ్యాకప్ తియ్యాలె. రంజిత్ నెల సంది తియ్యనే లేదు. ఎవరడిగినా "తీసిన సార్" అనుడే!

సద్దుల బతుకమ్మకు ముందటి రాత్రి... ఒక్క పేరు తీసెయ్యబోయి, దసరా అయినంక పత్తి తెచ్చే రైతుల పేర్లన్నీ తుడిచేసిండు! ఊరూరి నుంచి వచ్చి రాయించుకున్నోళ్లు. తెల్లారి ఓనర్ దామోదర్‌రావు సారు చూస్తే నౌకరి పోయినట్టే. రెండోదాంట్ల గూడ తుడుచుకపోయే ఉంటదని తెలుసు. అయినా పానం ఊకోలే, పోయిండు.

తలుపు నూకిండు... చల్లగాలి. లైటు ఎలుగలే. మిషిని మీద పచ్చ లైటుబుగ్గలు మినుకుమినుకుమంటున్నయ్. స్క్రీను తెరిచిండు —

పేర్లన్నీ ఉన్నయ్!

ముందట పోయినయి గిక్కడెట్ల బతికినయ్?

ఎనుకనుంచి... మూలుగు.

మెల్లగ ఎనుకకు మర్లి చూసిండు. తెల్లచీర! నేలకు ఆనకుండ గాలిల ఊగుతుంది. టప్... టప్... నీళ్లు కారుతున్నయ్.

"ఎ... ఎవలు?"

చీర పక్కకు జరిగింది. చూస్తే ఊడ్చే రామవ్వ! నిద్ర కండ్లతోని లేస్తుంది. పక్కన గునుగుపూలు, తంగేడుపూలు కుప్పవోసి ఉన్నయ్.

"ఏసీ అర్రల పూలు వాడిపోవని పెట్టిన బిడ్డా," గుసగుసగ అన్నది. "పైన తడిచీర కడ్దామంటే తాడు దొరకలే. మాపటీలి మిషిని నుంచి గీ నీలం వైరు గుంజి కట్టిన. సారుకు చెప్పకు జర... ఆగు, మళ్ల పెడ్త."

చీర తీసి, వైరు కొస మిషిని దిక్కు తెచ్చింది.

"పెట్టకూ!"

మిల్లంత దద్దరిల్లింది. గా వైరు మిషినికి తలిగితే ముందటి లెక్కనే గీడ గూడ క్షణంల అన్నీ తుడుచుకపోతయ్! రంజిత్ దునికి వైరు గుంజుకొని, బొండిగె వట్టుకున్నట్టు పట్టుకున్నడు. బ్యాకప్ షురూ చేసిండు. వైరు ఇడువడు. స్క్రీను చూసుకుంట నవ్వుతడు, ఏడుస్తడు. "బతికించినవ్ అవ్వా!" అని ఆమె కాళ్లు మొక్కవట్టె.

రామవ్వ రెండడుగులు ఎనుకకేసింది.

"అయ్యో, పోరనికి అర్రల దయ్యం పట్టనే పట్టింది!" అనుకుంట దిష్టి తియ్యనీకి ఉప్పు కోసం ఉరికింది.